ఎముక లోపలి వాపును పసిగట్టే చూపు

పిల్ల కాలునొప్పితో రాత్రిళ్లు ఏడుస్తుంది. ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు. ఎదిగే వయసు నొప్పులేనని ఇంట్లో సర్దిచెప్పుకుంటారు. అక్కడితో ఆగనివాళ్లు పిల్లల రేడియాలజిస్టులు.

సూక్ష్మజీవి లేకుండానే ఎముక వాచే జబ్బు ఒకటుంది, సీఎన్‌ఓ అంటారు. 1972లో దీన్ని మొదట వివరించిన ఆండ్రెస్ గీడియన్ కూడా పిల్లల రేడియాలజిస్టే. దీన్ని ఖాయం చేసే రక్తపరీక్ష నేటికీ లేదు. అందుకే ఒళ్లంతా ఎంఆర్‌ఐ తీస్తారు, రేడియేషన్ ఉండదు. స్టిర్ పద్ధతిలో కొవ్వు నల్లబడి, వాపు ఉన్నచోట నీరు తెల్లగా మెరుస్తుంది. మోకాలి దగ్గర ఎముక ఎదిగే చోట, కాలర్‌బోన్‌లో, వెన్నుపూసల్లో ఓపిగ్గా వెతుకుతారు. నొప్పి లేనిచోట దొరికే రెండో మచ్చే చాలాసార్లు గుట్టు విప్పుతుంది.

ఎదిగే మజ్జకు సహజంగా ఉండే మెరుపును జబ్బనుకోకూడదు. లుకేమియానూ, చీము పట్టిన ఎముకనూ వదిలేయకూడదు. సందేహం తీరకపోతే బయాప్సీ అడగడమూ పనితనమే. యంత్రం మోతకు బెదిరే పిల్లను బుజ్జగించి, కదలకుండా పడుకోబెట్టే టెక్నీషియన్ నేర్పూ తక్కువది కాదు. వీళ్ల శ్రద్ధవల్లే ఎందరో పిల్లలకు అక్కర్లేని యాంటీబయాటిక్స్ తప్పి, సరైన మందు అందుతోంది. చేతులెత్తి మొక్కదగిన పని ఇది.