మాయం చేయడం ఒక పనితనం

ఆటలో ఒక వస్తువును తెచ్చి పెట్టడం తేలిక. దాన్ని తీసేసేటప్పుడే మ్యాప్ తయారుచేసినవాడి నేర్పు తెలిసేది. 1999లో ఎన్సెంబుల్ స్టూడియోస్ తెచ్చిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’లోని సీనేరియో ఎడిటర్ ఈ పనిని ఒక్క లైను కోడ్ రాయడం రానివాళ్ల చేతికి కూడా అందించింది. ఫలానాది జరిగితే అనేది కండిషన్, అప్పుడు జరగాల్సింది ఎఫెక్ట్. రెండూ కలిస్తే ట్రిగ్గర్.

ఎఫెక్టుల్లో ‘కిల్ ఆబ్జెక్ట్’ పెడితే సైనికుడు కుప్పకూలుతాడు, శవం కాసేపు నేల మీదే ఉంటుంది. ‘రిమూవ్ ఆబ్జెక్ట్’ పెడితే ఆనవాలు కూడా మిగలదు. యుద్ధంలో చావుకు మొదటిది, ఇంట్లోకి వెళ్లిపోయిన మనిషికి రెండోది. ఈ తేడా పట్టుకోని మ్యాపుల్లో కథ ఎంత బాగున్నా ఆటగాడు నమ్మడు.

అడవి అడ్డుగా ఉన్న దారినే తీసుకోండి. హీరో కట్టెలు కొట్టేవాళ్ల గుడిసె దగ్గరికి రాగానే చెట్లు టక్కున మాయమైతే చూడ్డానికి మొరటుగా ఉంటుంది. చెయ్యి తిరిగినవాళ్లు దాన్ని రెండు ట్రిగ్గర్లుగా విడగొడతారు. మొదటిది పల్లెవాళ్లను చెట్ల వైపు నడిపించి, అప్పటిదాకా ఆపి ఉంచిన రెండోదాన్ని ఆన్ చేస్తుంది. అందులో 15 సెకన్ల టైమర్. అది అయిపోయాకే చెట్లు పోతాయి. వాళ్లే నరికారని ఆటగాడు అనుకుంటాడు. అలా అనుకునేలా చేయడమే ఈ విద్యలో నాకు అన్నిటికన్నా నచ్చేది.

ఇక్కడే చాలామంది తడబడతారు. చెట్లు ఆటగాడివి కావు, ‘గాయా’వి, అంటే ప్రకృతివి. ఎఫెక్టులో గాయాను ఎంచుకోకపోతే ట్రిగ్గర్ నడిచినా ఒక్క ఆకు కదలదు. ఎంచుకుని, ఏ రకం వస్తువో చెప్పకుండా వదిలేస్తే మీరు గీసిన హద్దులోని జింకలు, బంగారు గనులు కూడా చెట్లతో పాటే పోతాయి. గీత ఒక గడి ఎక్కువైనా నష్టమే.

హీరోను దూరంగా మరోచోట ప్రత్యక్షం చేయాలన్నా పాత పద్ధతి ఇదే: ఇక్కడ తీసేసి, అక్కడ కొత్తగా పుట్టించడం. అయితే కొత్తగా పుట్టినవాడు గాయాలన్నీ మాని నిండు ప్రాణంతో వస్తాడు. పైగా ఆట మధ్యలో పుట్టినవాణ్ని ఎడిటర్‌లో ముందే క్లిక్ చేసి ఎంచుకునే వీలు లేదు. తర్వాత వాణ్ని తీసేయాలంటే వాడు ఏ చోట ఉంటాడో ఊహించి, ఆ చోటును హద్దుగా గీయాలి. గుమ్మం ఉన్న గడిలో మనిషిని పుట్టించాలంటే ముందు గుమ్మాన్ని తీయాలి. వరుస తిరగబడితే మనిషి రాడు.

మ్యాప్ రివీలర్ అనే కంటికి కనబడని వస్తువు ఒకటుంది. దాన్ని పుట్టిస్తే దూరపు కోట ఆటగాడికి కనిపిస్తుంది, తీసేస్తే మళ్లీ మసక కమ్ముతుంది. వేగులవాడు చూసి వచ్చి చెప్పాడని కథ నడపడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇదంతా పిల్లకాయల కాలక్షేపమని తీసిపారేసేవాళ్లు ఒక సంగతి గమనించాలి. ఈ ఆట అభిమానులే కూడి చేసిన కొత్త విస్తరణ ‘ఫర్గాటెన్ ఎంపైర్స్’, 2013లో అధికారిక రూపంలో విడుదలైంది. 2019 నాటి డెఫినిటివ్ ఎడిషన్ తయారీలోనూ ఆ బృందం పనిచేసింది.