మేలిముసుగు రెబెక్కా: ఒక తప్పు సమాధానము

హైదరాబాదు పాతబస్తీలోని సాలార్‌జంగ్ మ్యూజియమున నున్న 'మేలిముసుగు రెబెక్కా' పాలరాతి విగ్రహమును ఎవరు, ఎప్పుడు చెక్కిరి? "బెంజోనీ, 1876" అని సామాన్య విజ్ఞాన పుస్తకములు తరచుగా చెప్పుచుండును. పేరు సరియైనదే. కాని ఇటలీ శిల్పి జొవాన్నీ మరియా బెంజోనీ 1873 లోనే మరణించెను! 1876 మొదటి సాలార్‌జంగ్ రోములో దానిని కొన్న సంవత్సరము. కొన్న యేడు చెక్కిన యేడై, పుస్తకమునుండి పుస్తకమునకు ప్రాకినది. "1873కు పూర్వము" అని వ్రాసిన విద్యార్థికి మార్కు దక్కునా?

మ్యూజియమంతయు ఒక్కని సేకరణ యనుటయు నిలువదు. అధికభాగము మూడవ సాలార్‌జంగు (1889-1949) దే యైనను, రెబెక్కాను తెచ్చినది ఆయన తాత.

ఇంతకన్న మంచి ప్రశ్న యొకటి ఎవరును అడుగరు: రాతి ముసుగు గుండా ముఖమెట్లు కనబడును? నిజమునకు గుండా కనబడునది ఏదియు లేదు. ముఖము, ముసుగు ఒకే రాయి. నుదురు, ముక్కులపై గుడ్డ అంటినట్లు నునుపుగను, ప్రక్కల సన్నని మడతలుగను శిల్పి చెక్కినాడు. మడతల అంచున వెలుగు, పల్లమున నీడ; వానిని చూచి కన్ను గుడ్డయని పోల్చుకొనును. పైగా పాలరాతిలోని కాల్సైటు స్ఫటికములు కొంత వెలుగును లోనికి పోనిచ్చి చెదరగొట్టును. అందుచే నీడల అంచులు మెత్తబడును.

పన్నెండు గంటలు కొట్టువరకు పిల్లలు సంగీత గడియారమును విడువరు. అటుపిమ్మట ఉపాధ్యాయులు వారిని రెబెక్కా ముందు ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు నడిపించినచో, మడతల నీడలు మారుట వారే కనిపెట్టుదురు.