దేవతకీ సెయింటుకీ మధ్య ఒక బానిస తల్లి

ఐర్లాండులో 2023 నుంచి ఫిబ్రవరి మొదట్లో సెయింట్ బ్రిజిడ్ పేరు మీద జాతీయ సెలవు ఇస్తున్నారు. ఆ దేశంలో ఒక స్త్రీ పేరుతో వచ్చిన మొదటి జాతీయ సెలవు అదే. సంతోషించాల్సిన విషయమే. కానీ ఏ బ్రిజిడ్ పేరు మీద అన్న ప్రశ్న మిగిలే ఉంది.

కెల్టిక్ ఆధ్యాత్మికత పేరుతో వచ్చే పుస్తకాలు చాలావరకు ఒకే కథ చెబుతాయి. క్రైస్తవానికి ముందు బ్రిజిడ్ అనే దేవత ఉండేది. కవిత్వం, వైద్యం, కమ్మరం ఆమె ఏలుబడిలోవి. చర్చి ఆమెను జనం మనసుల్లోంచి తుడిచెయ్యలేక ముసుగు వేసి సన్యాసినిని చేసింది. మేరీ కాండ్రెన్ 1989లో రాసిన ‘ద సర్పెంట్ అండ్ ద గాడెస్’ ఐర్లాండు మత చరిత్ర వెనక ఉన్న పితృస్వామ్య రాజకీయాల్ని బయటపెట్టిన ముఖ్యమైన పుస్తకం. ఆ ఎరుక లేకుండా ఇవాళ బ్రిజిడ్‌ని చదవలేం. అయితే తర్వాత వచ్చిన చాలామంది ఆ రాజకీయాల్ని వదిలేసి దేవతను మాత్రమే పట్టుకున్నారు.

ఆధారాల్ని వరసలో పెట్టి చూద్దాం. కిల్‌డేర్ మఠానికి చెందిన కొగిటోసస్ లాటిన్‌లో సెయింట్ బ్రిజిడ్ చరిత్ర రాసింది 7వ శతాబ్దంలో. బ్రిజిడ్ దేవత అని, కవులు ఆమెను కొలిచేవారని చెప్పే ‘కొర్మాక్ నిఘంటువు’ సుమారు 900 నాటిది. కిల్‌డేర్‌లో 19 మంది సన్యాసినులు వంతులవారీగా ఆరని మంటను కాపాడేవారని, 20వ రాత్రి బ్రిజిడే స్వయంగా చూసుకునేదని, మగవాడెవడూ ఆ కంచె దాటకూడదని రాసిన జెరాల్డ్ ఆఫ్ వేల్స్ 12వ శతాబ్దం చివరివాడు. అంటే రాతలో సెయింటే ముందు, దేవత తర్వాత. పైగా దేవత గురించి రాసినవాళ్లూ క్రైస్తవులే, మగవాళ్లే. ఇంతమాత్రాన దేవత లేదని కాదు. చర్చి చెయ్యి పడని స్వచ్ఛమైన గతం ఎక్కడో దాచి ఉందని, తవ్వితే దొరుకుతుందని అనుకోవడం మాత్రం కష్టం.

ఈ రెండు బ్రిజిడ్‌ల మధ్య ఎవరూ పెద్దగా పట్టించుకోని మనిషి ఒకరున్నారు. బ్రిజిడ్ తల్లి బ్రోక్‌సెహ్. కొగిటోసస్ ప్రకారం బ్రిజిడ్ తల్లిదండ్రులిద్దరూ ఉన్నత వంశపు క్రైస్తవులు. ‘వీటా ప్రీమా’ అనే మరో లాటిన్ చరిత్ర అలా చెప్పదు. అందులో తల్లి, తండ్రి డుబ్తాహ్ కొనుక్కున్న బానిస. ఆమె గర్భవతి అయితే అతని భార్య ఓర్వలేక అమ్మించేస్తుంది. చేతులు మారి చివరికి ఒక డ్రూయిడ్ ఇంటికి చేరుతుంది. ఒక తెల్లవారుజామున పాలకుండ మోసుకొస్తూ, ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట ఉండగా బ్రిజిడ్‌ని కంటుంది.

ఈ గడప మీద ఎంత సాహిత్యం వచ్చిందో! రెండు లోకాల మధ్య నిలబడిన దేవత అని, పాత మతానికీ కొత్త మతానికీ వంతెన అని. పాలకుండ సంగతి ఎందుకు గుర్తురాదు? నెలలు నిండిన ఆడమనిషి ప్రసవించే క్షణం దాకా చాకిరీ చేస్తూనే ఉందన్నమాట. ప్రాచీన ఐర్లాండు చట్టాల్లో ‘కుమల్’ అనే మాటకు అర్థం బానిస స్త్రీ. అదే మాట విలువ కొలిచే ప్రమాణం కూడా. పశువుల్ని, భూమిని, నష్టపరిహారాన్ని బానిస స్త్రీల లెక్కలో కొలిచిన సమాజం అది. దేవతలున్నచోట స్త్రీలకు గౌరవం ఉండేదని తేలిగ్గా అనేసేవాళ్లు ఈ మాట దగ్గర కాస్త ఆగాలి. బ్రిజిడ్ పెద్దదయ్యాక వెతుక్కుంటూ వెళ్లి తల్లి పని తాను చేస్తుంది. డ్రూయిడ్ ఆవుల్ని ఇస్తానంటే అవి వద్దు, తల్లికి విడుదల ఇమ్మంటుంది. నా వరకు బ్రిజిడ్ కథలన్నిట్లో గొప్ప అద్భుతం ఇదే. దీనికి ఏ దైవశక్తీ అక్కర్లేదు.

అలాగని సెయింట్ కథల్ని చర్చి ప్రచారమని పక్కన పెట్టనక్కర్లేదు. 9వ శతాబ్దపు ‘బెథూ బ్రిగ్టె’లో బిషప్ మెల్ దైవకృప మైకంలో ఏం చదువుతున్నాడో తెలియక ఆమెకు బిషప్ పట్టం కట్టేస్తాడు. ఐర్లాండులో ఈ పదవి ఈ ఒక్క స్త్రీకే అని కూడా అంటాడు. స్త్రీ అధికారాన్ని కాదనలేనప్పుడు దాన్ని పొరపాటుగానో మినహాయింపుగానో రాయడం మనకు తెలియని ఎత్తేం కాదు. కొగిటోసస్ అయితే ఇంకో సంగతి రాశాడు. వ్రతం తప్పి గర్భవతి అయిన ఒక సన్యాసినిని బ్రిజిడ్ దీవిస్తే నొప్పి లేకుండా గర్భం మాయమైందట. మఠం మనిషి దీన్ని సిగ్గుపడకుండా అద్భుతాల జాబితాలో చేర్చాడు. అదే ఐర్లాండు 1983లో పిండానికి తల్లితో సమానమైన ప్రాణహక్కు ఇస్తూ రాజ్యాంగాన్ని సవరించింది. 2012లో మన దేశం నుంచి వెళ్లిన దంతవైద్యురాలు సవితా హలప్పనవర్, గర్భస్రావమవుతున్నా గర్భం తీయడానికి నిరాకరిస్తే, రక్తం విషమై గాల్వేలో చనిపోయింది. ఆ సవరణ రద్దుకు ప్రజలు ఓటు వేసింది 2018లో.

కిల్‌డేర్‌లో 1993లో బ్రిజిడైన్ సన్యాసినులు ఆ మంటను మళ్లీ వెలిగించారు. మంచిదే. ఆ వెలుగు ఎవరి మీద పడాలన్నదే మన ప్రశ్న. దేవత కోసం మనం ఎంత వెనక్కి వెళ్లినా ఆమెకు పాలు తెచ్చిపెట్టే ఆడమనిషి ఒకరు అక్కడ ఉంటూనే ఉంటారు. స్త్రీవాద విమర్శ ముందు అడగాల్సింది ఆమె పేరు.