ఒడ్డు అప్పగించి నాయకుల్ని తయారుచేసిన పని

లిటిల్ అండమాన్ దీవికి పడమటి వైపు వెస్ట్ బే అనే ఇసుక తీరం ఉంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఓడలో హట్ బే చేరి, అక్కణ్ణుంచి బియ్యం, పప్పు, మందులు, బ్యాటరీలు అన్నీ డింగీలో వేసుకుని తాబేళ్ళను లెక్కించేవాళ్ళు వెళ్తారు. చలికాలపు రాత్రుల్లో అక్కడ లెదర్‌బ్యాక్ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. తాబేళ్ళన్నిటిలోకీ పెద్దవి ఇవే. గట్టి డిప్ప ఉండదు. తోలు కప్పిన వీపు మీద నిలువుగా గట్లు దేరి ఉంటాయి.

ఆ వీపును కొలిచే తీరు చూస్తే చాలు, ఈ పని ఎంత శ్రద్ధగా సాగుతుందో తెలుస్తుంది. ఒడ్డెక్కుతున్నప్పుడు తాబేలు బెదిరితే వెనక్కి తిరిగి సముద్రంలోకి వెళ్ళిపోతుంది. అందుకని గొయ్యి తవ్వడం పూర్తయి గుడ్లు జారడం మొదలయ్యేదాకా ఎవరూ దగ్గరికి పోరు. ఆ తర్వాత ఎర్ర దీపం వెలుగులో టేపు వేస్తారు. వీపు నడిమి గట్టు మీద వేస్తే ఒక లెక్క వస్తుంది, గట్టు పక్కన వేస్తే ఇంకో లెక్క వస్తుంది. ఈ ఏడు ఒకరు మీద, వచ్చే ఏడు ఇంకొకరు పక్కన వేస్తే పదేళ్ళ నమోదు పుస్తకం అక్కరకు రాకుండా పోతుంది. కాబట్టి ఎవరు కొలిచినా టేపు ఒక్కచోటే పడాలి. భుజం కండలో బియ్యపు గింజంత చిప్ ఉందేమో స్కానరుతో వెతుకుతారు. లేకపోతే కొత్తది ఎక్కిస్తారు. తెల్లారాక తీరం వెంట నడిచి, రాత్రి పడిన జాడల్ని లెక్కపెడతారు. రాసుకున్న ప్రతి జాడకూ అడ్డంగా ఇసుకలో గీత గీస్తారు, మర్నాడు మళ్ళీ లెక్కలోకి రాకుండా.

ఈ పనిలో ముందు నడిచే మనుషులు ఎక్కువగా కరెన్‌లు. 1925లో బ్రిటిష్‌వాళ్ళు అడవి పనుల కోసం బర్మా నుంచి తెచ్చి, మధ్య అండమాన్‌లో మాయాబందర్ చుట్టుపక్కల దింపిన జనం. అడవిలో దారి పట్టడం, డింగీ చెక్కడం, అల చూసి పడవ నడపడం వాళ్ళకు ఇంటి విద్య. మద్రాసు క్రొకొడైల్ బ్యాంక్ ట్రస్ట్ దక్షిణ అండమాన్‌లోని వండూరులో ‘ఆనెట్’ అనే పరిశోధన కేంద్రం పెట్టినప్పటి నుంచీ ఈ విద్యే దానికి ఆధారం. అంతకు ముందు, 1970ల చివరి నుంచి, తాబేళ్ళ పరిశోధకుడు సతీశ్ భాస్కర్ ఈ దీవుల తీరాలన్నీ కాలినడకన తిరిగి, ఏ తాబేలు ఎక్కడ గుడ్లు పెడుతుందో మొదటిసారి రాసిపెట్టాడు. కూడా నడిచి దారి చూపినవాళ్ళలో కరెన్‌లు ఉన్నారు.

2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ, అంతవరకు కట్టుకున్నదాన్ని ఊడ్చేసింది. గ్రేట్ నికోబార్ దక్షిణపు కొసన గలాథియా తీరంలో తాబేళ్ళ క్యాంపు నడుస్తుండేది. దీవి ఆ కొసన నాలుగు మీటర్ల మేర కుంగింది. తీరం పోయింది, క్యాంపులో ఉన్నవాళ్ళలో కొందరి ప్రాణాలు పోయాయి. అలాంటి దెబ్బ తర్వాత చాలా సంస్థలు తాళం వేసుకునేవి. ఇక్కడ మాత్రం మిగిలినవాళ్ళు మళ్ళీ తీరాల వెంట నడిచి, ఇసుక ఎక్కడ తిరిగి పడుతోందో, తాబేళ్ళు ఎక్కడికి వస్తున్నాయో వెతికారు. 2008 నాటికి లిటిల్ అండమాన్‌లో కొత్త క్యాంపు వెలిసింది. ఈ దీవుల కథలో నన్ను అన్నిటికన్నా కదిలించేది ఈ ఘట్టమే.

ఈ కొత్త క్యాంపు వెనక నాలుగు చేతులున్నాయి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ) నుంచి కార్తీక్ శంకర్ బృందం కొలిచే పద్ధతి ఇచ్చింది. దక్షిణ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ డబ్బు కూడగట్టి, ఏటా మనుషుల్ని నిలబెట్టింది. అటవీ శాఖ అనుమతి ఇచ్చింది. 1972 వన్యప్రాణి చట్టం కింద ఆ అనుమతి లేకుండా ఆ తాబేలును తాకడానికే లేదు. తీరం మీద బతికే నేర్పు ఆనెట్‌లోని కరెన్‌లది. ఏ ఒక్కరు తప్పుకున్నా మిగతా ముగ్గురితో పని సాగదు. విశ్వవిద్యాలయం నుంచి కొత్తగా వచ్చిన పరిశోధకుడికి కెరటాల్లోంచి పడవ దింపడం రాదు. పడవ దింపేవాడికి మొదట్లో గ్రాఫు గీయడం రాదు. నెలల తరబడి ఒకే పొయ్యి మీద వండుకు తింటూ ఒకరి పని ఒకరు నేర్చుకున్నారు. భిన్న రంగాలు చేతులు కలపాలని సభల్లో తరచూ వింటుంటాం. చేతులు కలిస్తే ఎలా ఉంటుందో ఇక్కడ కళ్ళారా కనిపిస్తుంది.

2011 నుంచి 2014 దాకా పది తాబేళ్ళకు ఉపగ్రహ ట్యాగులు బిగించారు. కొన్ని ఆస్ట్రేలియా పడమటి తీరం వైపు మళ్ళాయి. కొన్ని హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా వైపు పోయాయి. ఒకటి 13,000 కిలోమీటర్లకు పైగా ఈది మొజాంబిక్ దగ్గర తేలింది. ఇలాంటి లెక్కలు అచ్చయ్యే పరిశోధన వ్యాసాల్లో రచయితల వరుస చూడండి: శాస్త్రవేత్తల పక్కన కరెన్ పేర్లు కూడా ఉన్నాయి. కృతజ్ఞతల పేరాలో ఒక మూల కాదు, రచయితలుగా. పడవ తోలడానికి చేరినవాడు క్యాంపు నడిపించి, కొత్తగా వచ్చిన చదువుకున్న పిల్లలకు పని నేర్పి, చివరికి తన పేరుతో లెక్క చెప్పే స్థాయికి రావడమే నా దృష్టిలో ఈ భాగస్వామ్యం పండించిన అసలు పంట. దీనికి తరగతి గది లేదు, పట్టా లేదు. ఒక తీరం, ఒక పుస్తకం అప్పగించి, వాటికి జవాబుదారీ నువ్వే అన్నారు.

ఆ పుస్తకం అవసరం ఇప్పుడు మరీ పెరిగింది. గలాథియా తీరానికి ఉన్న అభయారణ్యం హోదాను 2021లో రద్దు చేశారు. అక్కడ పెద్ద కంటైనర్ రేవు కట్టాలన్నది ప్రభుత్వ సంకల్పం. రేవు కావాలనేవాళ్ళూ వద్దనేవాళ్ళూ కూడా ఏ తీరానికి ఎన్ని తాబేళ్ళు వచ్చేవో తెలుసుకోవాలంటే, రాత్రిళ్ళు ఆ ఇసుకలో నడిచినవాళ్ళ లెక్కల దగ్గరికే రావాలి.

మన కోస్తాలోనూ ఏటా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ గుడ్లను కాపాడటానికి అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు మత్స్యకార యువకుల్ని పెట్టుకుంటాయి. గుడ్లు ఏరి, గూళ్ళకు కాపలా కాసి, పిల్లల్ని నీళ్ళలో వదిలాక సీజను ముగుస్తుంది. ఆ కుర్రాళ్ళకు సముద్రం పుట్టుకతో తెలుసు. సీజను అయ్యాక కూడా జీతం ఇచ్చి, నమోదు పుస్తకం వాళ్ళ చేతికిచ్చి, నివేదిక మీద వాళ్ళ పేరు వేస్తే శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఊరికొక అలాంటి మనిషి తయారవుతాడు.