గడ్డి కోసే పంపు

ఒహాయోలో మా తమ్ముడి ఇంటి వెనక షెడ్డులో మూడు ఇనప గుల్లలు బోర్లా పడి ఉన్నాయి. పక్కనే ఎర్రరంగు వెలిసిన వీల్ హార్స్ ట్రాక్టరు, 1960ల నాటిది. ఇంజను మీద చెయ్యి వేస్తే బరువు తెలిసింది: పోత ఇనుముతో చేసిన కోలర్, 8 హార్స్‌పవర్. బండి దొరికింది గానీ దాని కడుపు కింద వేలాడుతూ గడ్డి కోసే డెక్కు ఎప్పుడో పోయింది. బండి అమ్మినాయన తన దగ్గరున్న మూడు పాత డెక్కులూ దింపి, నచ్చింది ఉంచుకుని తక్కినవి తిరిగిమ్మన్నాడట.

"అన్నా, సింగానల్లూరులో ముప్పయ్యేళ్లు పంపులు బిగించావు గదా. ఏది ఉంచమంటావో నువ్వే చెప్పు" అన్నాడు తమ్ముడు.

మా ఇంట్లో గడ్డి కోసింది కొడవలి, మేసింది ఆవు. డెక్కును అంత దగ్గరగా చూడటం నాకదే మొదటిసారి. ఇద్దరం చెరో పక్కా పట్టి ఒకదాన్ని తిరగేశాం. అంటుకుపోయిన గడ్డి పెచ్చులు గీకేసరికి లోపలి రూపం బయటపడింది. చూడగానే గుర్తుపట్టాను. నేను మూత అనుకున్నది మూత కాదు, పంపు కేసింగు!

పంపు కేసింగును కోసి చూసినవాళ్లకు తెలుస్తుంది, అది సమంగా గుండ్రంగా ఉండదు. లోపలి రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, తిరిగి నీటిని అంచులకు విసురుతుంటే, ఆ నీటికి దారిస్తూ గోడ నత్తగుల్లలా మెల్లమెల్లగా దూరం జరిగి, వెడల్పయి, చివరికి బయటి గొట్టంలో కలుస్తుంది. ఈ డెక్కులోనూ అదే పని జరిగింది. ఒక్కో బ్లేడు చుట్టూ వంపు తిరిగిన రేకు గోడ ఉంది. ఆ గోడలన్నీ కుడిపక్క నోటి వైపు తెరుచుకుంటున్నాయి. బ్లేడు వెనక అంచు చిన్న రెక్కలా పైకి లేచి ఉంది. బ్లేడు తిరిగితే ఆ రెక్క గాలిని పైకి లాగుతుంది. గాలితోపాటు వంగి ఉన్న గడ్డి నిటారుగా నిలబడుతుంది. ముందున్న పదును దాన్ని కోస్తుంది. తెగిన గడ్డి గోడ వెంట గాలిలో ఈదుతూ నోటి గుండా బయటపడుతుంది. అంటే కోత సగం పనే. తక్కిన సగం గాలిని తోడటం. నేను చూసినంతలో డెక్కు కొనేవాళ్లు కోత సంగతి ఆలోచించి తోడే సంగతి మరిచిపోతున్నారు.

నా చూపు మా ఊరిచ్చింది. కోయంబత్తూరులో నొయ్యల్ నది ఒడ్డున చెరువున్న సింగానల్లూరులోనూ, పక్కనే పీళమేడులోనూ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు తరాలుగా సేద్యం చేశాయి. బావులు లోతు. ఎద్దులతో మోట తోలినంతకాలం ఎంత పొద్దు పనిచేసినా తడిసే నేల కొంచెమే. 1932లో పైకారా జలవిద్యుత్తు వచ్చాక మోటార్ల కాలం మొదలైంది. మా ఊరికి తూర్పున సూలూరు దగ్గరి కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడుతో కలిసి 1937లో చేసిన మోటారే దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారని చెప్పుకుంటారు. పీళమేడులో 1926లో పుట్టిన పీఎస్‌జీ ధర్మసంస్థ నీడన పారిశ్రామిక శిక్షణ, పంపుల తయారీ సాగాయి. అందుకే మా వీధుల్లో పిల్లలకు కూడా మోటారు శబ్దం వింటే బేరింగు పోయిందో బాగుందో తెలుస్తుంది. లేతు షెడ్డును మేం పట్టరై అంటాం. ఆ పట్టరైలో నేర్చిన చూపుతోనే ఒహాయోలో మోకాళ్ల మీద కూర్చున్నాను.

ఇంకో చుట్టరికం కూడా కనబడింది నాకు. గడ్డి కోసే యంత్రానికి మొట్టమొదట 1830లో పేటెంటు పొందిన ఎడ్విన్ బడ్డింగ్ ఇంగ్లండులో స్ట్రౌడ్ ప్రాంతం మనిషి. ఉన్ని బట్ట మీద లేచిన నూగును సమంగా కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూసి, నూగు స్థానంలో గడ్డిని ఊహించాడాయన. బట్టల మిల్లుల మధ్య పెరిగిన మావాళ్లు ఎవరైనా ఆ మాట వింటే మురిసిపోతారు. బడ్డింగ్ యంత్రం చుట్లు తిరిగిన కత్తుల రోలరు. నేల మీద అడ్డంగా బ్లేడు తిప్పే ఈ పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలో వచ్చింది. ఎల్మర్ పాండ్ 1946లో మొదలుపెట్టిన వీల్ హార్స్, 1961లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ తెచ్చిన కబ్ క్యాడెట్, 1963 నాటి జాన్ డీర్ 110 లాంటి చిన్న ట్రాక్టర్లు ఆ డెక్కును ఇళ్ల ముంగిట్లోకి తెచ్చాయి.

సరే, మూడింటిలో ఏది?

మొదటిదానికి రంగు కొత్తగా మెరుస్తోంది. తమ్ముడి మనసు దానిమీదే ఉంది. బ్లేడులను తిప్పే స్పిండిళ్లు బిగించిన చోట చిన్న సుత్తితో తట్టాను. మంచి రేకు కంచులా పలుకుతుంది, తిన్న రేకు అట్టలా పలుకుతుంది. ఇది అట్టలా పలికింది. బెల్టు కప్పుల కింద తడిగడ్డి చేరి ఏళ్ల తరబడి ఉండిపోతే రేకు పైనుంచే పుచ్చిపోతుంది, కింద ఎంత గీకి రంగేసినా తెలియదు. స్పిండిల్ నిలబడే చోటు మెత్తబడితే బ్లేడు ఊగుతుంది, ఊగే బ్లేడు బేరింగును తినేస్తుంది. అంచున చిల్లి పడితే అతుకు వేయొచ్చు. స్పిండిల్ కింద పుచ్చితే ఆ డెక్కు వద్దు.

రెండోది 48 అంగుళాలు. ఇనుము అద్భుతం. కానీ 8 హార్స్‌పవర్ ఇంజనుకు అంత వెడల్పు పెడితే పొడి గడ్డిలో లాగినా తడి గడ్డిలో ఆయాసపడుతుంది. మా దగ్గర రైతులు పెద్ద పంపుకు చిన్న మోటారు పెట్టి కాయిల్ కాల్చుకోవడం చాలాసార్లు చూశాను. చుట్లు తగ్గితే గాలి తోడటం ముందు తగ్గుతుంది, గడ్డి లేవదు, కోత నలుగుతుంది. ఎనిమిదికి 36 హాయి, 42 చాలు, 48కి 12 దాటిన ఇంజను ఉంటే మంచిదని నా లెక్క.

మూడోది 42 అంగుళాలు, మూడు బ్లేడులు, రంగు అసలు లేదు. సుత్తి తగలగానే గణగణమంది. అంచు దగ్గర వెర్నియర్ పెట్టి కొలిస్తే రేకు మందం మూడు మిల్లీమీటర్లకు పైనే ఉంది. ఇప్పుడు చవకగా దొరికే యంత్రాల రేకు దాదాపు రెండే. దీనిలో నన్ను ఆపేసిన పనితనం వేరే ఉంది. మధ్య స్పిండిల్ తక్కిన రెంటికన్నా ముందుకు జరిపి ఉంది. బ్లేడు ఒక్కోటీ 15 అంగుళాలు. మూడు పదిహేనులు నలభై అయిదు, కోత వెడల్పు నలభై రెండు. మిగిలిన మూడంగుళాలు రెండు సందుల్లో ఒకదానిమీదికి ఒకటి వస్తాయి. వరుసగా నిలబెడితే బ్లేడులు కొట్టుకుంటాయి, ముందువెనకలుగా నిలబెడితే కొట్టుకోవు, మధ్య గడ్డి కూడా మిగలదు. ఎవరో డ్రాయింగు బల్ల దగ్గర గంటలు కూర్చుని ఆలోచించిన సంగతి ఇది. అందుకే బ్లేడు మారిస్తే ఆ డెక్కుకు చెప్పిన పొడవే వేయాలి. మరీ పొట్టిదైతే సందు తెరుచుకుంటుంది, కోసిన నేలలో గడ్డి చారలు నిలుస్తాయి.

మరో జాగ్రత్త. ఒక కంపెనీ డెక్కును ఇంకో కంపెనీ బండికి తగిలించేటప్పుడు పుల్లీలు కొలవకుండా తగిలించకూడదు. బ్లేడు కొన వేగం నిమిషానికి 19,000 అడుగులు దాటకూడదని అమెరికా భద్రతా ప్రమాణం. గంటకు దాదాపు 347 కిలోమీటర్లన్నమాట. 21 అంగుళాల బ్లేడైతే నిమిషానికి సుమారు 3,450 చుట్ల దగ్గరే ఆ హద్దు తగులుతుంది. డెక్కు పుల్లీ చిన్నదైన కొద్దీ చుట్లు పెరుగుతాయి. ఆ వేగంలో రాయి తగిలితే ఏమవుతుందో ఊహించండి.

మూడోదాన్నే ఉంచాం. రెండు రోజులు పట్టింది పని. స్పార్క్ ప్లగ్గు తీగ పీకి పక్కన పెట్టాకే కింద చెయ్యి పెట్టనిచ్చాను తమ్ముణ్ణి. బ్లేడు కొన పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూశాను. ఎడమదీ మధ్యదీ ఆడాయి. బేరింగులు తీసేసి, స్పిండిల్ గొట్టం లోపల పాత గ్రీజు గడ్డ అంతా కిరసనాయిలుతో కడిగి, కొత్తవి ఎక్కించాను. బేరింగును ఎక్కడ కొట్టి ఎక్కించామన్నదే దాని ఆయుష్షు. గొట్టంలోకి వెళ్లేటప్పుడు బయటి రింగును, షాఫ్టు మీదికి వెళ్లేటప్పుడు లోపలి రింగును నొక్కాలి. తప్పు రింగు మీద దెబ్బ పడితే గోలీలు గాడిలో గుంటలు చేస్తాయి, కొత్త బేరింగే మొదటి రోజునుంచి గొణుగుతుంది. గ్రీజు కూడా కుక్కి కుక్కి పెట్టకూడదు, సీలు బయటికి తన్నుకొస్తుంది.

బ్లేడులను మేకుకు తగిలించి చూశాం. ఒకటి ఓ పక్కకు వాలింది. బరువున్న పక్క కొంచెం అరగదీశాం, సమంగా అడ్డంగా నిలిచేదాకా. పదును గడ్డం గీసే కత్తిలా ఉండాల్సిన పని లేదు. సుమారు ముప్పై డిగ్రీల వాలు, అంచున సన్నని మందం మిగిలితే చాలు, రాళ్లకు విరగదు. మధ్య బ్లేడును మాత్రం పారేయించాను. ఇసుక కొట్టి కొట్టి, రెక్క బ్లేడును కలిసే చోట మందం కాగితమైపోయింది. అక్కడ పగిలి రెక్క ఎగిరితే అది తుపాకీ గుండే.

వీల్ హార్స్ బెల్టు వంపు చూడదగింది. ఇంజను పక్కన నిలువుగా తిరిగే పుల్లీనుంచి బెల్టు ముందుకు వెళ్లి, రెండు చిన్న పుల్లీల మీద పావు మలుపు తిరిగి, పడుకున్న పుల్లీల దగ్గరికి వస్తుంది. ఆ రెండు చిన్నవాటి బేరింగులను అందరూ మరుస్తారు, బెల్టు తెగేది వాటివల్లే. బెల్టు గాడి అడుగును తాకకుండా దాని పక్కలే పట్టుకోవాలి. అడుగు తళతళలాడుతుంటే పుల్లీ అరిగిందన్నమాట.

మట్టం సరిచేసేముందు టైర్లలో గాలి చూసుకోవాలి, ఒక టైరు మెత్తగా ఉంటే కొలతలన్నీ అబద్ధాలే. తరవాత బ్లేడు కొన నుంచి నేలకు ఎడమా కుడీ ఒకేలా, ముందు వెనకకన్నా పావంగుళం లోపు దిగువగా పెట్టాం. అలా ఉంటే ముందు కోసిన గడ్డిని వెనక అంచు మళ్లీ ఈడ్చదు. పక్కనుండే చిన్న చక్రాలు డెక్కు బరువు మోసేందుకు కావు, నేలకు అరంగుళం పైన ఉండి, గుట్ట వస్తే డెక్కును ఎత్తి నేల చెక్కకుండా కాపాడతాయి.

మా పట్టరైలో పంపు బిగించాక నీళ్లు ఎంత ఎత్తుకు తన్నుతాయో కొలిచి గానీ బయటికి పంపం. ఆ అలవాటుతో, బాగు చేయకముందు గడ్డి నోటినుంచి ఎంత దూరం పడుతుందో ఒకసారి నడిపి కొలిచి ఉంచాను. నాలుగడుగులు పడింది, ముద్దలు ముద్దలుగా. బాగుచేశాక అదే ఎత్తు గడ్డిలో, అదే వేగంతో తమ్ముడు మళ్లీ ఓ చాలు తోలాడు. టేపు నేనే పట్టుకున్నాను. తొమ్మిదడుగుల రెండంగుళాలు.