పాయింట్లూ ఓట్లూ

తెర నల్లగా ఉంటుంది. మాటలు మాత్రం వినిపిస్తుంటాయి. చేయెత్తి నెత్తిన టోపీ పెట్టుకోగలరా? చొక్కా పైజేబు దాకా చేయి లేస్తుందా? అలారం పెట్టుకోవడం వచ్చా? అడిగేది ఒక ఉద్యోగిని. జవాబు చెప్పేది న్యూకాసిల్‌లో ఇళ్ల పనులు చేసుకుని బతికిన 59 ఏళ్ల వడ్రంగి. నా చేతులకేం కాలేదు, జబ్బు గుండెకి వచ్చింది, దాని సంగతి అడగండి అని అతను మొత్తుకుంటాడు. ముందు అడిగినదానికి జవాబు చెప్పమంటుంది ఆమె. తర్వాత ఇంటికి ఉత్తరం వస్తుంది. 15 పాయింట్లు రావాలి, మీకు 12 వచ్చాయి, కాబట్టి మీరు పని చేయగలరు అని. గుండెపోటు వచ్చింది, పనిలోకి వెళ్లొద్దు అని డాక్టరు చెప్పిన మాట ఆ లెక్కలో ఎక్కడా కలవలేదు. కెన్ లోచ్ 2016లో తీసిన ‘ఐ, డేనియల్ బ్లేక్’ ఇలా మొదలవుతుంది.

బెల్జియం దర్శకులు జాన్-పియేర్, లుక్ డార్డెన్ సోదరులు 2014లో తీసిన ‘టూ డేస్, వన్ నైట్’లో లెక్క వేరు. సోలార్ ప్యానెళ్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీ. అక్కడ పనిచేసే సాంద్రా డిప్రెషన్‌తో సెలవు పెట్టి, కోలుకుని, తిరిగి చేరబోతోంది. ఆమె లేని రోజుల్లో మిగతా 16 మందీ కాస్త ఓటీ చేస్తే పని నడిచిపోతోందని యజమాని కనిపెట్టాడు. కార్మికుల ముందు ఒక ప్రశ్న పెట్టాడు: తలా వెయ్యి యూరోల బోనస్ కావాలా, సాంద్రా కావాలా? శుక్రవారం నాటి ఓటింగులో 14 మంది బోనస్ వైపు, ఇద్దరు ఆమె వైపు. ఫోర్‌మన్ కొందరిని భయపెట్టాడని చెప్పి బతిమాలితే, సోమవారం పొద్దున మళ్లీ రహస్య ఓటింగుకు యజమాని ఒప్పుకుంటాడు. శని, ఆదివారాల్లో సాంద్రా తోటివాళ్ల గుమ్మాలు ఎక్కి దిగడమే సినిమా.

జబ్బుపడ్డ మనిషికి రేపు కూడెలా అన్నది ఒకచోట పాయింట్లతో, ఇంకోచోట ఓట్లతో తేలుతుంది. రెండు సినిమాలనూ పక్కపక్కన పెట్టింది అందుకే. లోచ్ సినిమాకు ఆ ఏడాది కాన్ ఉత్సవంలో పామ్ డోర్ దక్కింది. డార్డెన్ సోదరుల సినిమాలో సాంద్రాగా నటించిన మారియోన్ కోటియార్ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. నా మొగ్గు రెండోదాని వైపు. ఎందుకో చెప్పేముందు మొదటిదాని బలం ఒప్పుకోవాలి.

డేనియల్ చిక్కుకున్న వలను లోచ్, ఆయన రచయిత పాల్ లావర్టీ ఒక్కో ముడీ విప్పి చూపించారు. బ్రిటన్‌లో 2008లో లేబర్ ప్రభుత్వం కొత్త అనారోగ్య భృతితో పాటే ఈ పనిసామర్థ్య పరీక్షనూ తెచ్చింది. పరీక్ష చేసే పనిని ప్రైవేటు కంపెనీకి అప్పగించింది. మొదట ఆటోస్, తర్వాత 2015లో మాక్సిమస్. 2013 అక్టోబరులో ఇంకో మెలిక పడింది. భృతి కాదన్న నిర్ణయంపై నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి లేకుండా పోయింది. ఆ నిర్ణయం తీసుకున్న శాఖే దాన్ని ఇంకోసారి చూసుకునేదాకా ఆగాల్సి వచ్చేది. ఆగినన్నాళ్లూ అనారోగ్య భృతి వచ్చేది కాదు. ఇల్లు గడవాలంటే నిరుద్యోగ భృతికి పెట్టుకోవాల్సి వచ్చేది. అది రావాలంటే వారానికి 35 గంటలు ఉద్యోగం వెతికినట్టు రుజువులు చూపమనేవారు. అంటే పని చేయొద్దని డాక్టరు చెప్పిన మనిషి, పని ఇప్పించండని ఊరంతా తిరగాలి.

ఈ తిరుగుడులోంచి వచ్చే ఒక సన్నివేశం నన్ను చాలా కలచివేసింది. పెన్సిలుతో రాసుకున్న తన వివరాల కాగితాన్ని డేనియల్ కనిపించిన చోటల్లా ఇచ్చి వస్తాడు. మొక్కలు పెంచి అమ్మే ఒకాయన ఆ కాగితం చూసి, మనిషి నికార్సైన పనివాడని నమ్మి, పనిలోకి రమ్మంటాడు. డేనియల్ రాలేనని చెప్పాలి. డాక్టరు వద్దన్నాడనీ, భృతి కోసమే తిరుగుతున్నాననీ చెప్పాలి. పని చేసేకన్నా సర్కారు సొమ్ము తినడమే నీకు ఇష్టమన్నమాట అని అవతలివాడు ఛీకొడతాడు. జీవితమంతా పని మీదే గౌరవం నిలుపుకున్నవాడితో ప్రభుత్వమే అబద్ధం ఆడించి, ఇంకొక పనివాడితో ఆ మాట అనిపించింది. భృతి దరఖాస్తు కోసం కంప్యూటర్ ముందు కూర్చుని మౌస్ పట్టుకోవడం రాక పడే తిప్పల కన్నా ఇది పెద్ద దెబ్బ. జనం ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది ఆ మౌస్‌నే.

ఈ పాయింట్ల భాష తెలుగువాళ్లకు కొత్త కాదు. మన దగ్గర సదరం క్యాంపులో డాక్టర్లు రాసిచ్చే వైకల్య శాతం 40, ఆపైన ఉంటేనే వికలాంగుల పింఛను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి ఆ పింఛను నెలకు 6,000 రూపాయలు. 2025లో అక్కడ పునఃపరిశీలన జరిగి, 40 శాతం లోపని తేలినవాళ్లకు నోటీసులు వెళ్లాయి, వాళ్లు మళ్లీ అప్పీళ్లు పెట్టుకున్నారు. మన పద్ధతిలో చూసేది డాక్టరే, అది మేలు. కానీ కాలు ఎంత వంగుతుందో కొలిచే ఆ శాతం, ఆ కాలితో గచ్చు పని చేయొచ్చా, గుమాస్తా పని చేయొచ్చా అన్నది చెప్పదు. బ్రిటన్ పరీక్ష పేరుకైనా పనినే కొలుస్తానంది. ఆ కొలతలో గుండె పట్టకపోవడం లోచ్ పట్టుకున్న అసలు లోపం.

ఇక సాంద్రా సంగతి. ఆమె ముందు ప్రభుత్వం లేదు, ఫారం లేదు, డేనియల్‌లా ఫోన్ పట్టుకుని గంటల తరబడి వినాల్సిన సంగీతం లేదు. ఉన్నది బెల్లు నొక్కాల్సిన తలుపు. తలుపు తీసిన ప్రతివాళ్లతోనూ ఆమె దాదాపు అవే మాటలు అంటుంది. సోమవారం మళ్లీ ఓటింగు ఉంది, నా వైపు వేస్తారేమోనని అడగడానికి వచ్చాను. డార్డెన్ సోదరులు ఈ మాటలను ఒక్కసారి కూడా కత్తిరించలేదు. ప్రతి గడప దగ్గరా మొత్తం వినాల్సిందే. అడుక్కోవడం ఎన్నోసారి అయినా తేలిక పడదని అలాగే తెలుస్తుంది. ఎదుటివాళ్ల దగ్గరా జవాబులున్నాయి. ఒకరికి ఆ వెయ్యి యూరోలు ఏడాది గ్యాసు, కరెంటు బిల్లు. ఒకరికి కూతురి చదువు. ఒకామె ఇంట్లోనే ఉండి లేనని కూతురితో చెప్పిస్తుంది. చాలామంది అడిగేది ఒకటే: ఎంతమంది ఒప్పుకున్నారు?

ఫుట్‌బాల్ మైదానంలో పిల్లలకు ఆట నేర్పుతున్న తిమూర్ దగ్గరికి ఆమె వెళ్లే సన్నివేశం ఈ సినిమాకు గుండెకాయ. ఆమె మాట పూర్తి కాకముందే అతను ఏడుస్తాడు. పనిలో కొత్తగా చేరినప్పుడు తాను చేసిన తప్పును ఆమె నెత్తినేసుకుని కాపాడిందని గుర్తుచేసుకుని, అలాంటి మనిషిని కాదని బోనస్‌కు ఓటేసినందుకు సిగ్గుపడతాడు. యజమాని పెట్టిన ప్రశ్నలోని దుర్మార్గం ఇక్కడే బయటపడుతుంది. జబ్బు మనిషిని తీసేసే పాపాన్ని అతను 16 మందికి పంచాడు. సోమవారం తర్వాత వాళ్లు ఒకరి ముఖం ఒకరు ఎలా చూసుకుంటారన్నది అతనికి పట్టదు. లోచ్ సినిమాలో నిరుద్యోగ భృతి చూసే జాబ్‌సెంటర్ ఉద్యోగుల్లో కఠినులున్నారు, డేనియల్‌కు సాయం చేసి పై అధికారి చేత చీవాట్లు తిన్న ఆన్ కూడా ఉంది. కానీ బల్లకు ఇటు మంచివాళ్లు, అటు వ్యవస్థ అన్న విభజన చెదరదు. డార్డెన్ సోదరుల సినిమాలో బల్లే లేదు.

నా అసలు అభ్యంతరం డేనియల్ మంచితనం మీద. అతను భార్యకు చివరిదాకా సేవ చేసినవాడు. పరాయి పిల్లలకు చెక్కతో బొమ్మలు చెక్కి ఇచ్చేవాడు. లండన్ నుంచి ఇద్దరు పిల్లలతో వచ్చిపడ్డ కేటీ జాబ్‌సెంటర్‌కు ఆలస్యంగా వచ్చిందని భృతి కోసేస్తే, ముందూ వెనకా చూడకుండా ఆమె తరఫున నిలబడ్డవాడు. ఇంత మంచివాడికి అన్యాయం జరిగితే ఎవరికైనా కన్నీళ్లొస్తాయి. మరి తాగుడు మానలేనివాడికి, చిరాకు మనిషికి, అపాయింట్‌మెంట్ నిజంగానే మరిచిపోయినవాడికి భృతి ఆగిపోతే? వాళ్ల తరఫున ఈ సినిమా దగ్గర వాదన లేదు. భృతి చట్టం ఇచ్చే హక్కు, మంచి నడవడికకు ఇచ్చే బహుమతి కాదు అని లోచ్ గట్టిగా నమ్ముతాడు. ఆ నమ్మకానికి ఆయన ఎంచుకున్న సాక్షే మరీ మచ్చలేనివాడు. కేటీ పాత్రలో ఈ లోటు కొంత తీరింది. ఫుడ్ బ్యాంకులో ఆకలి ఆపుకోలేక బీన్స్ డబ్బా అక్కడికక్కడే తెరిచి చేత్తో తినేసి, సిగ్గుతో కుప్పకూలే దృశ్యంలో ఆమె మంచిదా చెడ్డదా అన్న ఆలోచనే రాదు. సినిమా మొత్తంలో నిజంగా గొప్ప నిమిషాలు అవే.

సాంద్రాను ప్రేమించడం అంత సులువు కాదు. మాత్రలు మింగుతుంది, మంచమెక్కేస్తుంది, వెళ్లనని మొండికేస్తుంది, వెన్నంటి ఉన్న భర్త మనూ మీదే విసుక్కుంటుంది. ఒక దశలో డబ్బాలోని మాత్రలన్నీ మింగేస్తుంది. జబ్బు పూర్తిగా నయమైందా అంటే చూసేవాళ్లకూ అనుమానమే. ముందులా పనిచేయలేదన్న మాటలో ఆవగింజంత నిజం ఉండొచ్చు. అయినా ఆమె ఉద్యోగం ఆమెదే అని సినిమా మనచేత ఒప్పిస్తుంది. గుండెపోటుకు ఆసుపత్రి కాగితం సాక్ష్యం. డిప్రెషన్ నుంచి కోలుకున్నదానికి తోటివాళ్ల చూపే సాక్ష్యం. కష్టమైన కేసును ఎత్తుకుని వాదించినందుకే నేను డార్డెన్ సోదరుల వైపు మొగ్గాను.

వాళ్లు వదిలేసినదీ తక్కువ కాదు. ఆ కంపెనీలో యూనియన్ లేదు, చట్టం ప్రస్తావనే రాదు. 2025 దాకా అమల్లో ఉన్న మన 1948 నాటి ఈఎస్ఐ చట్టం జబ్బు సెలవు భృతి తీసుకుంటున్న కాలంలో కార్మికుణ్ణి తీసేయకూడదని 73వ సెక్షన్‌లో స్పష్టంగా చెప్పింది. అది తెలిసినవాళ్లకు, ఇలాంటి ఓటింగు పెట్టే అధికారం యజమానికి ఎవరిచ్చారన్న ప్రశ్న రాకమానదు. ఆ ప్రశ్నను సినిమా తాకనే లేదు. లోచ్ మాత్రం ఎవరిని నిలదీయాలో వాళ్లనే నిలదీశాడు. అప్పటి బ్రిటన్ పనులు, పింఛన్ల మంత్రి డేమియన్ గ్రీన్ సినిమా చూడకుండానే అది దారుణమైన అన్యాయమన్నాడు. చూడని మంత్రికే అంతగా తగిలింది.

ముగింపుల్లో తేడా ఇంకా ఎక్కువ. ట్రిబ్యునల్ గుమ్మం దాకా వచ్చి, గెలుస్తావని భరోసా విని, డేనియల్ గుండె ఆగి చనిపోతాడు. ఈ చావు కన్నీళ్లు రప్పిస్తుంది, ప్రశ్నను మాత్రం మధ్యలో తెంపేస్తుంది. అతను బతికి గెలిచి ఉంటే కొన్నాళ్లకు మళ్లీ పరీక్షకు పిలుపు వచ్చేది, మళ్లీ టోపీ, మళ్లీ పైజేబు. నేను చూడాలనుకున్న సినిమా అక్కడ మొదలయ్యేది. సాంద్రాకు సోమవారం 8 ఓట్లు వస్తాయి, బోనస్‌కూ 8. మెజారిటీ రాలేదు, ఉద్యోగం పోయినట్టే. అప్పుడు యజమాని పిలిచి, సెప్టెంబరులో ఒకరి కాంట్రాక్టు ముగుస్తుంది, పొడిగించను, ఆ చోటు నీకిస్తానంటాడు. ఆ ఒకరు అల్ఫోన్స్. కాంట్రాక్టు పోతుందని భయపడుతూనే ఆమెకు ఓటేసినవాడు. ఆమె ఒప్పుకోదు. తీసేయడం కాదు, పొడిగించకపోవడమే అని యజమాని అంటే, రెండూ ఒకటే అంటుంది. బయటికొచ్చి భర్తకు ఫోన్ చేసి, గట్టిగానే పోరాడాం కదా, సంతోషంగా ఉంది అంటుంది, కొత్త పని వెతుక్కుంటానంటుంది.

ఆమె అలా అనగలిగినందుకు సగం కారణం ఆమె వ్యక్తిత్వం. మిగతా సగం ఆ దేశం. సాంద్రా భయపడింది ఇల్లు వదిలి మళ్లీ ప్రభుత్వ కాలనీకి వెళ్లాల్సి వస్తుందని. కేటీలా ఆకలితో పడిపోతానని కాదు. ఆ సినిమా వచ్చేనాటికి బెల్జియంలో నిరుద్యోగ భృతికి గడువు లేదు. ఎన్నాళ్లున్నా, తగ్గుతూనైనా వచ్చేది. 2026 జనవరి నుంచి అక్కడా చాలామందికి రెండేళ్లకే పరిమితం చేశారు. ఇదే కథను ఇప్పుడు తీస్తే ఆ చివరి ఫోన్‌లో ఆమె ఆ మాట అంత తేలిగ్గా అనగలదని నేననుకోను.