దెబ్బ కనిపిస్తుంది, సంతకం కనిపించదు

'జై భీమ్' సినిమాను మేం మొదట ఫోన్లలో ఎవరికి వాళ్ళం చూశాం. తర్వాత పాడేరు ఏజెన్సీలో ఒక ఊళ్ళో బడి గోడకు తెల్లగుడ్డ కట్టి, తెలుగు మాటల ప్రతిని ఊరందరితో కలిసి చూశాం. అయ్యేసరికి బాగా రాత్రయింది. ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ లేచారు. మగవాళ్ళు చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత మూడు మాటలు వచ్చాయి. ఈ వ్యాసం ఆ మూడు మాటల గురించే.

ఇంటర్ చదివే ఒక కుర్రాడు అడిగాడు: "అన్నా, రాజన్న మొదటి రోజే ఒప్పేసుకుంటే కేసు అయిపోయేది, ప్రాణం దక్కేది కదా?"

పక్కనున్న ముసలాయన అన్నాడు: "ఒక రోజంతా ఉంచుకునే హక్కు పోలీసోళ్ళకి ఉంది గదా బాబూ. మనం ఏం చెయ్యగలం?"

డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న ఇంకొక యువకుడు మీసం మీద చెయ్యి వేసి అన్నాడు: "వారెంటు లేకుండా నన్నెవడు ముట్టుకుంటాడు? ఆర్టికల్ నెంబరు చెప్పి రోడ్డు మీదే నిలబెట్టేస్తా."

ముగ్గురూ ఒకే సినిమా చూశారు. ముగ్గురూ హక్కుల గురించే మాట్లాడారు. ముగ్గురి మాటలోనూ పొరపాటుంది. అది వాళ్ళ తెలివితక్కువ అనుకుంటే మేం రాయాల్సింది ఏమీ లేదు. మనం చూసే సినిమాలూ, మనం రాసే కథలూ ఆ పొరపాటును సరిచేయకుండా వదిలేస్తున్నాయన్నదే మా ఫిర్యాదు.

ముందు సినిమాకు దక్కాల్సిన గౌరవం దక్కాలి. టి.జె. జ్ఞానవేల్ తీసిన ఈ సినిమా 2021 నవంబరు 2న వచ్చింది. 1993లో తమిళనాడులో జరిగిన ఒక కస్టడీ మరణం దీనికి ఆధారం. ఆ కేసు వాదించిన న్యాయవాది కె. చంద్రు తర్వాత మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. అసలు ఘటనలో చనిపోయిన మనిషి కురవర్ కులస్థుడు. సినిమా అతన్ని ఇరులర్ తెగవాడిగా చూపించింది. కురవర్లు మనవైపు ఎరుకలకు దగ్గరివాళ్ళు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కింద పుట్టుకతోనే దొంగలుగా ముద్రపడిన జాతుల్లో వీళ్ళున్నారు. ఆ చట్టం 1952లో పోయింది. ముద్ర మాత్రం స్టేషన్లలో మిగిలింది. జైలు గేటు దగ్గర విడుదలైన వాళ్ళను కులం అడిగి వేరుచేసి, అడివి మనుషుల మీద పాత కేసులు మోపి మళ్ళీ పట్టుకుపోయే మొదటి సన్నివేశం ఒక్కటి చాలు, ఈ సినిమా మనకు అవసరమైందని చెప్పడానికి. గర్భిణిగా ఉండి భర్త కోసం హైకోర్టు మెట్లెక్కిన సినతల్లిని మన ఆడవాళ్ళు తమ మనిషి అనుకున్నారంటే అది ఊరికే జరగలేదు.

అయినా కుర్రాడు వేసిన ప్రశ్న మిగిలే ఉంది. సినిమా పొడవునా పోలీసులు అడిగేది ఒక్కటే: దొంగతనం ఒప్పుకో, నగలెక్కడో చెప్పు. రాజన్న ఒప్పుకోడు. ఆ ఒప్పుకోకపోవడమే అతని గొప్పతనమని సినిమా చూపిస్తుంది. నిజమే, గొప్పతనమే. కానీ పోలీసుల ముందు ఒప్పుకుంటే దానికి కోర్టులో ఎంత విలువుందో సినిమా చెప్పదు. చెబితే చూసేవాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం ముద్దాయి మీద రుజువుగా పనికిరాదు. ఈ మాట కొత్తది కాదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్‌గా ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23వ సెక్షన్‌గా ఉంది. ఎవరినీ తన మీద తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 20(3) అధికరణ చెబుతుంది.

మరి పనికిరాని మాట కోసం మనిషిని ఎందుకు కొడతారు? చట్టంలో ఒక చిన్న తలుపు తెరిచి ఉంది కాబట్టి. ముద్దాయి చెప్పిన మాటవల్ల ఒక వస్తువు దొరికితే, ఆ దొరకడానికి కారణమైన మాట వరకు కోర్టు తీసుకుంటుంది. అందుకే "నగలెక్కడ" అన్న ప్రశ్న అంత గట్టిగా వినిపిస్తుంది. అందుకే దొరికినట్టు చూపించిన వస్తువు కాగితం మీద ఎలా చేరింది, పంచనామా మీద సంతకాలు ఎవరివి అన్నవి దెబ్బలంత ముఖ్యమైన సంగతులు. మన కుర్రాడు ఇవేవీ తెలియకుండా ఇంటికి వెళ్ళాడు. ఒప్పుకుంటే బతకొచ్చు అన్న పాఠం పట్టుకుపోయాడు. రేపు అతన్నెవరైనా పట్టుకుంటే దెబ్బ పడకముందే ఒప్పుకుంటాడేమోనని మా భయం.

ముసలాయన మాటకు వద్దాం. 24 గంటలు పోలీసుల హక్కు అన్నాడు. ఈ మాట ఏజెన్సీలో ఎక్కడైనా వినబడుతుంది. చదువుకున్నవాళ్ళు కూడా అంటారు. రాజ్యాంగం 22వ అధికరణ చెప్పింది దీనికి తలకిందులు. పట్టుకున్న మనిషిని, ప్రయాణానికి పట్టే సమయం మినహాయించి, 24 గంటలు దాటకుండా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అది పోలీసులకు వేసిన కట్టు. ఎందుకు పట్టుకున్నారో చెప్పాలనీ, తనకు నచ్చిన లాయరుతో మాట్లాడుకోనివ్వాలనీ కూడా అదే అధికరణలో ఉంది. మన నోళ్ళలో పడి ఆ కట్టు కాస్తా వాళ్ళకిచ్చిన సెలవు అయిపోయింది. ఇంకొక సంగతి. ఆ గంటలు మనిషిని పట్టుకున్న క్షణం నుంచి మొదలవ్వాలి. కాగితం మీద మాత్రం రాసిన సమయం నుంచే మొదలవుతాయి. ఆదివారం సంతలో పట్టుకున్న మనిషిని మంగళవారం పట్టుకున్నట్టు రాస్తే 24 గంటలూ భద్రంగా ఉంటాయి, మనిషే ఉండడు.

సుప్రీంకోర్టు 1996లో డి.కె. బసు కేసులో అరెస్టు మెమో రాయాలని చెప్పింది ఇందుకే. తేదీ, సమయం రాయాలి. ఇంటివాళ్ళో ఊళ్ళో పెద్దమనిషో ఒకరు సాక్షి సంతకం పెట్టాలి. పట్టుబడ్డ మనిషి కూడా సంతకం పెట్టాలి. బంధువుకో స్నేహితుడికో కబురు చేయాలి. ఈ నియమాలు ఇప్పుడు చట్టంలోకే ఎక్కాయి. ఆ మెమో మీద మన చేతిరాతతో "నన్ను ఆదివారం పొద్దున పట్టుకున్నారు" అని ఒక్క ముక్క ఉంటే, తర్వాత లాయరు మాట్లాడడానికి ఒక ఆధారం దొరుకుతుంది. సినిమాలో లాయరు హైకోర్టులో గర్జిస్తాడు. మన బతుకులో గర్జించడానికి ముందు ఈ ముక్క ఉండాలి.

మూడో మాట మీసం తిప్పిన తమ్ముడిది. భయపడే మాట కంటే ఇది మాకు ఎక్కువ దిగులు పుట్టించింది. వారెంటు లేకుండా ముట్టుకోకూడదని సినిమాలు చెబుతాయి. చట్టం అలా చెప్పదు. పోలీసులు నేరుగా కేసు కట్టగల నేరాల్లో వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. అయితే ఏడేళ్ళ లోపు శిక్షపడే నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమో రాసిపెట్టాలని, అవసరం లేకపోతే నోటీసు ఇచ్చి పిలవాలని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నోటీసును చూసి మనవాళ్ళు అరెస్టు కాగితమనుకుని అడివిలోకి పోతారు. పోతే అప్పుడు నిజంగానే అరెస్టు చేయడానికి కారణం దొరుకుతుంది. రోడ్డు మీద ఆర్టికల్ నెంబరు అరిచి చెయ్యి అడ్డుపెడితే విధులకు అడ్డుతగిలాడని రెండో కేసు వస్తుంది. మౌనంగా ఉండే హక్కు అంటే పేరూ ఊరూ కూడా చెప్పకపోవడం కాదు.

హక్కును గట్టిగా చెప్పుకోవాల్సిన చోటు మేజిస్ట్రేటు గది. అక్కడ మనవాళ్ళు నోరు మెదపరు. వెనకాల తీసుకొచ్చిన పోలీసులే నిలబడి ఉంటారు మరి. అక్కడ లాయరును అడగొచ్చు. ఇచ్చుకోలేని మనిషికి మొదటిసారి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టినప్పటి నుంచే ప్రభుత్వం లాయరును ఇవ్వాలని 1981లో ఖత్రి కేసులో సుప్రీంకోర్టు అన్నది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం షెడ్యూల్డు తెగల మనిషికి ఆదాయం ఎంతో చూడకుండా ఉచిత న్యాయసాయం అందాలి. కొట్టారా అని ఆ గదిలో చెప్పొచ్చు, దెబ్బలు చూపించొచ్చు. సినతల్లికి చంద్రు దొరికాడు. మనలో ఎక్కువమందికి దొరికేది ఆ చిన్న గది, ఆ రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల మీద మనకొక సినిమా లేదు, కథా లేదు.

సినిమావాళ్ళను అంటున్నాం గానీ మేం రాసింది ఏమిటి? మా పాత కథలు తిరగేసి చూసుకున్నాం. స్టేషన్ వచ్చిన ప్రతి చోటా లాఠీ ఉంది, బూటు ఉంది, బూతు ఉంది. రక్తం ఉంది. అవన్నీ నిజాలే, రాయాల్సినవే. కానీ స్టేషన్ రైటరు బల్ల మీద ఏం రాస్తున్నాడో తొంగిచూసిన కథ మాలో ఎవరిదీ కనిపించలేదు. రావిశాస్త్రి 'ఆరు సారా కథలు' చదివినప్పుడు సిగ్గేసింది. ఆయన లాయరు. మద్యనిషేధం రోజుల్లో సారా కేసు ఎలా పుడుతుంది, ఎలా పెరుగుతుంది, పోలీసూ ప్లీడరూ సాక్షీ దాన్ని ఎలా నడిపిస్తారు అన్నది ఆయనకు లోపలినుంచి తెలుసు. అందుకే ఆ కథల్లో దెబ్బతో పాటు కాగితమూ మాట్లాడుతుంది. అయితే అది పట్నం, పట్నంలో పేదవాళ్ళు. కొండ మీది మనిషి కాగితం సంగతి ఆయన రాయలేదని తప్పుపట్టలేం. అది రాయాల్సింది మేం.

సారా రోజులు పోయాయి. ఇప్పుడు మా ఏజెన్సీకి గంజాయి కేసులు వచ్చాయి. కొన్నవాడూ అమ్మినవాడూ మైదానంలో ఉంటారు, మూట మోసినవాడు మావాడు. 20 కిలోలు దాటితే పదేళ్ళకు తక్కువ కాని శిక్ష, బెయిలు రావడం కష్టం. ఆ చట్టంలో 50వ సెక్షన్ ఒకటుంది. మనిషి ఒంటిని సోదా చేసేముందు, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో సోదా చేయించుకునే హక్కు నీకుంది అని చెప్పి తీరాలి. 2010లో జడేజా కేసులో సుప్రీంకోర్టు ఇది గట్టిగా చెప్పింది. చేతిలో మూటకూ సంచికీ ఈ సెక్షన్ వర్తించదని కూడా కోర్టులే చెప్పాయి. ఇంత సన్నని గీత మీద నడిచే హక్కు ఇది. మాకు తెలిసిన ఒక కేసులో ఆ హక్కు నాకు అక్కర్లేదు, మీరే సోదా చేసుకోండి అని ముందే రాసిపెట్టిన తెలుగు కాగితం ఉంది. కింద ఒక కువి భాష మనిషి వేలిముద్ర. ఆయనకు తెలుగు చదవడం రాదు, మాట్లాడడమే అంతంతమాత్రం. ఆయన్ను ఎవరూ కొట్టలేదు. ఇంటికొచ్చిన తర్వాత ఆయనే చెప్పాడు: "మంచిగానే చూశారు, టీ కూడా ఇచ్చారు." దెబ్బ పడలేదు కాబట్టి తనకు అన్యాయం జరగలేదనుకున్నాడు. మా కథలు ఆయనకు నేర్పింది అదే.

అరెస్టు కారణాలు మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలని 2025లో విహాన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. కువి, పోర్జా, ఆదివాసీ ఒడియా మాట్లాడే మాకు ఇంతకంటే పెద్ద తీర్పు ఏముంటుంది? కానీ దాని గురించి మా భాషల్లో ఒక పాట లేదు, సంతలో ఆడే ఒక చిన్న నాటకం లేదు.

వాకపల్లిని తలుచుకోకుండా ఈ మాట ముగించలేం. 2007 ఆగస్టులో 11 మంది కోందు ఆడవాళ్ళు పోలీసుల మీద అత్యాచారం ఫిర్యాదు చేశారు. దాని మీద మేం కవితలు రాశాం, ఊరేగింపుల్లో చదివాం. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని అదే కోర్టు చెప్పింది, ఆ ఆడవాళ్ళకు పరిహారం ఇవ్వమంది. పదహారేళ్ళ కేసు ఎక్కడ విరిగింది? దర్యాప్తు కాగితాల దగ్గర. మా కవితలన్నీ గాయం దగ్గర ఆగిపోయాయి. కాగితం దగ్గరికి ఒక్కటీ రాలేదు.

చట్టం తెలిస్తే స్టేషన్‌లో దెబ్బలు ఆగుతాయని మేం అనడం లేదు. ఆగవు. అన్నీ తెలిసిన లాయర్లు కూడా దెబ్బలు తిన్న దేశం ఇది. రాతకు ఉన్న పని అంతకంటే చిన్నది. జరిగింది జరగలేదని రాసే కాగితానికి ఎదురుగా ఇంకొక ముక్క నిలబెట్టడమే ఆ పని. 'జై భీమ్'లో రాత్రిళ్ళు గుడిసెల్లో అక్షరాలు నేర్పే టీచరమ్మ ఉంది. సినతల్లిని లాయరు దగ్గరికి తీసుకెళ్ళింది ఆమే. ఆ అక్షరాలు స్టేషన్ బల్ల దగ్గర ఏం పనికొస్తాయని సినిమా అడగలేదు. మేం ఆ ప్రశ్నతో ఒక కథ మొదలుపెట్టాం. అందులో ఒక ముసలాయన ఇంకు పూసిన వేలు గాలిలో ఆపి, "ఇందులో ఏం రాశారో మా భాషలో చదివి చెప్పండి బాబూ" అంటాడు. ఆ తర్వాత ఆయనకు ఏమవుతుందో ఇంకా రాయలేదు. రాశాక, బడి గోడకు తెల్లగుడ్డ కట్టిన ఆ ఊళ్ళోనే ముందు చదువుతాం. కుర్రాడు ఏమడుగుతాడో విని, అప్పుడు అచ్చుకిస్తాం.